తప్పు పురిటిగదిది కాదు

మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట నడుస్తోంది. మా ఆవిడ నొప్పులకి కారణం పురిట్లో ఒళ్ళు తడవడమేనని, అలా తడవనిచ్చింది ఆమె కన్నతల్లేనని. ఆ మాట పుట్టించినవాణ్ణి నేను. నేను ఒకచోట అన్న మాట చాలా ఊళ్ళు తిరిగింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నేను ఒక్క ఊరే వెళ్ళాను. మిగిలిన ఊళ్ళ వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మాది గజపతినగరానికి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న పల్లె. కొంచెం వరి, కొంచెం చోళ్ళు, మేం గెడ్డ అనే వాగు పక్కన ఒక చెక్కలో వంగ, మిరప. స్కూలు ఫైనలు దాకా చదివాను. అంతలో నాన్న పోవడంతో వ్యవసాయంలోకి వచ్చేశాను. మా ఆవిడ నా మేనత్త కూతురు. వాళ్ళది భోగాపురం దగ్గర, సముద్రపు గాలి తగిలే ఊరు. అత్త అంటే మా నాన్నకి సొంత చెల్లెలు. నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. అందుకే నేను అల్లుణ్ణయ్యాక కూడా తలుపు చాటున నిలబడి మాట్లాడేది కాదు. ఎదురుగా కూర్చుని "ఒరే" అనేది.

వాళ్ళ ఊళ్ళో ఎవరింట పురుడొచ్చినా అత్తని పిలిచేవారు. ఆవిడ మంత్రసాని కాదు. మంత్రసాని పని ముగిశాక అత్త పని మొదలయ్యేది. బాలింతకి వావిలాకు వేసి కాచిన నీళ్ళు పొయ్యడం, నడుముకి గుడ్డ బిగించి కట్టడం, మంచం కింద కుంపటి పెట్టడం, పాలు పడడానికి సొరచేప పుట్టు వండి దగ్గర కూర్చుని తినిపించడం, బిడ్డని చాపిన కాళ్ళమీద పడుకోబెట్టి నీళ్ళు పొయ్యడం. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. ఆవిడ చేతిలో పడ్డ బాలింత బేగి కోలుకుంటుందని పేరు. ఆ పేరే ఆవిడ ఆస్తి.

మా పెద్దమ్మాయి పుట్టింది అక్కడే. పుట్టిన కొద్ది రోజులకే గాలివాన వచ్చింది. మధ్యాహ్నమే చీకటి పడి, పురిటిగది తాటాకు కప్పు మొత్తం లేచిపోయిందట. అత్త బిడ్డని తన కొంగులో చుట్టి గుండెకి కట్టుకుంది. కూతురి మీద గోనె కప్పి, పొదివి పట్టుకుని, ఆ వానలో వీధి చివర పెంకుటింటిదాకా నడిపించింది. వీళ్ళు బయటపడ్డాక పురిటిగది గోడ కూలింది. నేను ఆ రోజు ఇక్కడ, మా ఊళ్ళో ఉన్నాను. నీళ్ళు తీశాక వెళ్ళి చూసి, కూలిన గోడ ముందు నిలబడి అత్తకి దండం పెట్టాను. ఆ దండం సంగతి నాకు ఎంతోకాలం గుర్తులేదు.

మా ఆవిడకి నలభై దగ్గరపడుతుండగా నొప్పి మొదలైంది. ముందు వీపులో కుడి రెక్క ఎముక కింద ఒక చోట పట్టేది. అక్కణ్ణించి మెడకి పాకింది. కొన్నాళ్ళకి నడుంలోకి దిగింది. పొద్దున లేచేసరికి మెడ తిరిగేది కాదు. బిందె ఎత్తేటప్పుడు పళ్ళు బిగపట్టేది. చెయ్యి వెనక్కి పోక, జుట్టు ముడి వేసుకోవడానికి గోడకి ఆనుకుని అవస్థపడేది.

మా వైపు ఆ వయసు ఆడవాళ్ళకి ఏ నొప్పి వచ్చినా పురిటినే అనుమానిస్తారు. పచ్చి ఒంట్లో చేరిన చెమ్మ ఎముకలో దాగి ఉంటుందని, నడివయసులో బయటికి వస్తుందని నమ్మకం. మా ఆవిడ పురిట్లో నిజంగానే తడిసింది. ఇంక నేను ఆలోచించాల్సింది ఏముంది?

విజయనగరంలో డాక్టరుకి చూపించాను. ఆయన మెడ వంచి చూశాడు, చెయ్యి ఎత్తించి చూశాడు. "ఏం పని చేస్తావమ్మా?" అని ఆమెని అడిగాడు. ఆమె నోరు తెరిచేలోపు నేనే జవాబు చెప్పాను.

"పనేం లేదండి. ఇంట్లోనే ఉంటుంది."

ఆయన రాసుకుని మాత్రలిచ్చాడు. మాత్రలు వేసుకున్నన్నాళ్ళు తగ్గేది. ఆ రోజు తిరిగొచ్చే దారిలో ఆమె బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నేను చెప్పింది అబద్ధమని నాకు అనిపించలేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

ఆ ఏడే మా చుట్టాల పెళ్ళి. మగవాళ్ళ పంక్తిలో కూర్చున్నాను. పక్కన ఎవరో "మీ ఆవిడ పెళ్ళికి రాలేదేం?" అన్నారు. అందరికీ వినబడేటట్టు నేనన్నాను: "పురిట్లో మా అత్త తడిపీసినాది. ఇప్పుడు నూనెలు రాసుకోడం మా వంతు."

పంక్తి నవ్వింది. అత్త పక్క వరసలో పులుసు వడ్డిస్తోంది. ఆవిడ గరిటె విస్తరి మీద ఆగిపోవడం నేను చూశాను. చూసి, తల వంచుకుని అన్నం కలుపుకున్నాను.

ఆ తరవాత అత్త మా ఊరు తరచు వచ్చేది. పెళ్ళి మాట ఎత్తలేదు. మూటలో వావిలాకు, వెల్లుల్లి వేసి కాచిన ఆముదం తెచ్చేది. గెడ్డ ఇసక బాణలిలో వేయించి, గుడ్డలో మూట కట్టి, తన చెంపకి ఆనించి వేడి చూసుకుని, అప్పుడు కూతురి వీపు మీద పెట్టేది. మా ఆవిడ కళ్ళు మూసుకుని, "అమ్మా, అక్కడే, అక్కడే" అనేది. సాయంత్రానికి మెడ తిరిగేది. రెండోనాటికి మళ్ళీ మామూలే. అత్త మొహం చిన్నబోయేది.

ఒకసారి వాళ్ళ ఊరి మనిషి సంతలో కనబడి చెప్పాడు. అత్త ఇప్పుడు పురుళ్ళకి వెళ్ళడం లేదట. ఎవరు పిలిచినా, "నా సెయ్యి మంచిది కాదమ్మా, ఇంకెవుర్నైనా పిలుసుకోండి" అంటోందట. నేను విని ఊరుకున్నాను.

ఇక్కడ మా గూడ గురించి చెప్పాలి. మా మడిచెక్క గెడ్డ కంటే ఎత్తులో ఉంటుంది. నీళ్ళు ఎక్కించడానికి గూడ వేస్తాం. రేకు గూడకి ఇటు రెండు తాళ్ళు, అటు రెండు తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, వంగి గూడని నీళ్ళలో ముంచి, ఒక ఊపుతో ఎత్తి పై కాలవలో పొయ్యాలి. ఇద్దరూ ఒక్కసారే వంగాలి, ఒక్కసారే లేవాలి. మా నాన్న నిలబడే పక్కన చదునైన రాయి ఒకటి ఉంది. ఆయన తరవాత ఆ పక్క నాదయింది. ఎదుటి పక్క మా ఆవిడది. పెళ్ళయిన ఏడాది నుంచి పొద్దున్నే గూడ వేసి, తరవాతే ఆమె పొయ్యి ముట్టించేది. దాన్ని నేను ఆమె పని కింద లెక్కవెయ్యలేదు. గూడ నాది. ఆమె అటు పక్క పట్టుకునేది, అంతే అనుకున్నాను.

ఒక చలికాలం నా మడమలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. రాతి మీద కాలు ఆనడం లేదు.

"నువ్విటు రాయే," అన్నాను. "నాను ఆ బురదలో నిలబడతాను. మడమకి మెత్తగుంటాది."

ఆమె తాళ్ళు వదిలి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓలమ్మ! ఇన్నేళ్ళకి సింహాసనం దిగినావేటి బావా? ఊర్లో దండోరా ఎయ్యించాల."

"మాటలాపి ఎక్కు."

రాతి మీద ఎక్కి, రెండు పాదాలూ చదునుగా ఆనించి, ఒకసారి కిందికి చూసుకుంది. "ఓస్! ఇక్కడ నిలబడితే ఎవులైనా గూడ ఎయ్యగల్రు," అంది. నేను నవ్వాను.

మడమ మానేదాకా అలాగే వేద్దామనుకున్నాం. రెండు మూడు పొద్దులు గడిచాక, ఒక పూట అంబలి తాగడానికి కూర్చుని చెయ్యి చాపితే కుడి రెక్క కింద గుచ్చినట్టయింది. గిన్నె పట్టుకోలేక కింద పెట్టేశాను. ఆమె పొయ్యి దగ్గర్నించి లేచి నా వెనక్కి వచ్చింది. ఎక్కడో నేను చెప్పలేదు. ఆమె అడగలేదు. బొటనవేలు తిన్నగా ఒకచోట ఆనించింది.

"ఇక్కడేనా?"

సరిగ్గా అక్కడే.

"ఇక్కణ్ణించి మెడకి లాగుతన్నాదా?"

"లాగుతన్నాది."

"తల ఇటు తిప్పు."

"తిరగదే!"

ఆమె వేలు నా వీపు మీదే ఉంది. ఆ చోటే ఇంకోసారి నొక్కి చూసింది. తరవాత మెల్లిగా అడిగింది: "మరి నిన్ను పురిట్లో ఎవుడు తడిపీసినాడు బావా?"

అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం చాలాసేపు సాగింది. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. మెడ తిరగకపోవడం ఒక్కటే దానికి కారణం కాదు.

మర్నాడు కుంటుకుంటూ వెళ్ళి ఆ పక్క ఎలా ఉందో మొదటిసారి పరీక్షగా చూశాను. గట్టు అక్కడ గెడ్డలోకి వాలి ఉంది. ఒక పాదం పైన, ఒక పాదం కింద పెడితేగాని నిలబడలేం. ఆమె నా భుజం దాకా వస్తుంది. తాళ్ళు నా చేతుల కొలతకి కట్టినవి. గూడ పైకి లేచినప్పుడు నేను తిన్నగా నిలబడితే సరిపోయేది. ఆమె మాత్రం చేతులు భుజాల మీదికి ఎత్తి, జారే కాలు నిలదొక్కుకుని, నడుం ఒకే పక్కకి తిప్పాలి. ప్రతి గూడకీ, ప్రతి పొద్దూ.

"ఒక్కసారైనా సెప్పలేదేటి?" అని అడిగాను.

"సెప్పినాను. కాలు జారతన్నాది బావా అన్నాను. జాగర్తగా నిలబడు అన్నావు."

అన్నట్టు నాకు గుర్తులేదు. అనే ఉంటాను.

మడమ మానగానే వాలు తవ్వి, మట్టి దిమ్మిస కొట్టి, గెడ్డలోంచి బండరాయి దొర్లించుకొచ్చి ఆమె పక్కన వేశాను. నా రాతి కంటే కొంచెం ఎత్తుగా వేశాను. ఆమె పక్క తాళ్ళు కురచ చేశాను. ఒకే వైపు తిరగకుండా, ఎవరి తాళ్ళు వాళ్ళే ఉంచుకుని మధ్యలో పక్కలు మార్చుకోవడం అలవాటు చేసుకున్నాం. మారేటప్పుడు గట్టున కూర్చుని ఊపిరి తీసుకునేవాళ్ళం. ఇన్నేళ్ళలో మేమిద్దరం ఆ గట్టున ఊరికే కూర్చున్నది లేదు. మధ్యాహ్నం ఆమె నేలమీద చాప పరుచుకుని బోర్లా పడుకునేది. నేను ఇసక వేయించి మూట కట్టి పెట్టేవాణ్ణి. మొదటిసారి చూసుకోకుండా పెట్టి ఆమె వీపు కాల్చాను. తరవాత అత్తలాగే చెంపకి ఆనించి చూడడం నేర్చుకున్నాను.

అదే ఆముదం, అదే వావిలాకు, అదే ఇసక. కొత్త మందేమీ లేదు. అత్త సాయంత్రం దించి వెళ్ళిన నొప్పిని నేను పొద్దున్నే గూడ దగ్గర మళ్ళీ ఎక్కించేవాణ్ణి. అది ఒక్కటీ ఆగింది. చలికాలం దాటి మామిడి పూత వచ్చేసరికి ఆమె మెడ దానంతటదే తిరగడం మొదలైంది. ఒక పొద్దున చేతులు రెండూ వెనక్కి పెట్టి ముడి వేసుకుంటూ కనబడింది. నేను చూస్తున్నానని తెలిసి, "ఏటి?" అంది. "ఏటీ లేదు," అన్నాను.

ఇంత తెలిశాక నేను అత్త దగ్గరికి పరిగెత్తి ఉండాలి. వెళ్ళలేదు. "మీ ఆవిడకి ఎలా తగ్గింది?" అని ఊళ్ళో అడిగితే, విజయనగరంలో కొన్న తైలం పేరు చెప్పాను. నొప్పి తగ్గిందిగా, ఇంక ఆ పాత సంగతి ఎందుకు అనుకున్నాను. తగ్గింది మా ఇంట్లో. అత్త ఇంట్లో అది అలాగే ఉంది.

ఆ ఏడు మా పెద్దమ్మాయిని తొలిచూలు పురిటికి ఇంటికి తీసుకొచ్చాం. గాలివానలో అమ్మమ్మ గుండెకి కట్టుకు మోసిన పిల్ల అదే. వచ్చిన రోజు నుంచీ ఒకటే మాట: "అమ్మమ్మని పిలవండి. అమ్మమ్మ ఉంటే నాకు బయముండదు." మా ఆవిడ కబురు పంపింది. జవాబు బస్సులో వచ్చిన మనిషి నోట వచ్చింది: కూతురి ఒళ్ళు పాడుచేసిన చేత్తో మనవరాలి ఒళ్ళు ముట్టనని చెప్పమందట.

మా ఆవిడ ఆ మనిషికి మజ్జిగ ఇచ్చి పంపేసి, నా ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"నువ్వన్న మాట నువ్వే ఎల్లి తెచ్చుకో బావా."

మర్నాడు విజయనగరంలో బస్సు మారి వెళ్ళాను. అత్త వాకిట్లో పొరుగు ఆడవాళ్ళిద్దరితో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి లేవబోయింది.

"ఏటిరా, ఒక్కడివే వచ్చినావు? దానికేటైనా అయినాదా?"

"బాగానే ఉన్నాది అత్తా. నీకొకటి సెప్పాల."

పొరుగువాళ్ళు లేవబోతే ఉండమన్నాను. అన్న మాట నలుగురిలో అన్నాను కదా. నేలమీద కూర్చుని, గూడ దగ్గర వాలు సంగతి, తాళ్ళ సంగతి, నా వీపు సంగతి, డాక్టరుకి నేను చెప్పిన జవాబు, అన్నీ చెప్పాను. "దాని నొప్పి పురిటిది కాదు అత్తా. నాను తెచ్చిపెట్టింది. పెళ్ళిలో నాను అన్నది తప్పుడు మాట," అన్నాను.

అత్త చేతులు గింజ తీస్తూనే ఉన్నాయి. ఆవిడ మొదట అడిగింది నేను అనుకున్నది కాదు.

"దాని కాళ్ళ కింద వాలుంటే, ఆ రాయి ఎవుల కింద ఉన్నాది?"

"నా కింద. అది నాన్న పక్క కదా."

"మీ నాన్న పక్కేటిరా!" ఆవిడ తల ఎత్తింది. "ఆ రాయి మా అమ్మ కోసం మా అయ్య ఏసినాడు. అమ్మ పొట్టి మనిషి. గూడ అందదని ఎక్కడ్నించో దొర్లించుకొచ్చినాడు. అమ్మ పోయినాక మీ నాన్న ఎక్కినాడు దానిమీద. అది మగోడి పక్క ఎప్పుడయినాది?"

పొరుగావిడ మూతి తిప్పింది. "ఇంకేటి, బూమితోపాటు రాయి కూడా మగపిల్లల వాటాకి ఎలిపోయినాది."

అందరూ నవ్వారు. అత్త కూడా కొంచెం నవ్వింది. తరవాత చింతపండు చేట పక్కకి జరిపి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ గోనె సిన్నదిరా," అంది. "దాని తలకి కప్పితే కాళ్ళు తడిసినాయి. కాళ్ళకి లాగితే ఈపు తడిసినాది. ఇంకో గోనె ఉన్నాది అటక మీద. తీసే లోపల గోడ కదిలినాది. ఆ రెండోది ఎందుకు తియ్యలేదు, ఎందుకు తియ్యలేదు అని ఇన్నాళ్ళూ అదే అనుకుంటన్నాను. బువ్వ తింటన్నా అదే."

"నువ్వు లేకపోతే ఇద్దరూ ఆ గోడ కిందే ఉండేవోరు అత్తా," అన్నాను.

"అది అప్పుడు సెప్పాల్రా. ఆ పంక్తిలో సెప్పాల."

అన్నం పెట్టింది. చేపల పులుసు నాకు ఇష్టమని మళ్ళీ మళ్ళీ వేసింది. కానీ నాతో బయల్దేరలేదు. వస్తావా అని అడిగితే, "సూస్తాను, ఎల్లు," అంది. బస్సులో ఒక్కణ్ణే వచ్చాను. గుమ్మంలో మా ఆవిడ నా వెనక ఎవరూ లేకపోవడం చూసింది.

"సూస్తానన్నాది," అన్నాను.

"నీ మాట మీద రాదులే," అని లోపలికి వెళ్ళిపోయింది.

అత్త వచ్చింది. నేను వెళ్ళొచ్చిన కొన్నాళ్ళకి, ఒక పొద్దెక్కిన వేళ, మూట చంకన పెట్టుకుని వాకిట్లోకి వచ్చింది. నావైపు చూడలేదు. మనవరాలి గదికీ వెళ్ళలేదు. మూట దింపి, కాళ్ళయినా కడుక్కోకుండా కూతుర్ని పిలిచి, వెలుతురులో వెనక్కి తిప్పి నిలబెట్టింది. రెక్క కింద బొటనవేలితో నొక్కింది.

"ఇక్కడ?"

"లేదమ్మా."

"ఇక్కడ?"

"ఊహూ."

నడుం దగ్గరికి దిగింది. "ఇక్కడ?"

"కొంచెం. సలికి."

"సలికి నాకూ ఉన్నాది," అంది అత్త. ఇంకో రెండు చోట్ల నొక్కి చూసి, ఆ వీపు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. మా ఆవిడ కదల్లేదు. నేను పశువుల శాల దగ్గర కట్టేసిన తాడునే మళ్ళీ కడుతూ నిలబడ్డాను.

ఇప్పటికీ మా ఆవిడకి నొప్పి పూర్తిగా పోలేదు. మంచు కురిసే రోజుల్లో పట్టేస్తుంది. ఆ పూట గూడ వెయ్యం. పక్క పొలాల్లో ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. మేమూ ఎప్పుడో పెడతాం. చుట్టాల్లో ఎవరైనా పురిటి మాట ఎత్తితే అక్కడే ఆపి, నా గూడ సంగతి మొదటి నుంచీ చెప్తున్నాను. కొందరు నమ్మడం లేదు. భార్యని వెనకేసుకొస్తున్నానని నవ్వుతున్నారు. నవ్వనిస్తున్నాను.

ఆ రోజు అత్త కాళ్ళు కడుక్కుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మనవరాలి గదిలోకి వెళ్ళింది. లోపల పిల్ల "అమ్మమ్మా" అనడం వినబడింది. ఆ తరవాత అత్త గొంతు, మునుపు వాళ్ళ ఊరి పురిటిగదుల్లోంచి వినబడినంత గట్టిగా వచ్చింది.

"ఈ మంచం కిటికీకి ఎదురుగా ఎవుడేసినాడు? ఒరే, నిన్నే. బేగి వొచ్చి ఇటు లాగు."

వెళ్ళి లాగాను.